తూకం పెరిగిన పిల్ల

తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను మక్తల్ దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేరాను. చేరిన రెండో నెలలో మా కేంద్రానికి ఆటసామాన్ల పెట్టె ఒకటి వచ్చింది. అందులో రబ్బరు బంతులు, రంగురంగుల రింగులు, పిల్లలు దూరి అవతలికి పాకడానికి బట్టతో కుట్టిన పొడవాటి గొట్టం, తోసుకుంటూ నడిచే చిన్న చక్రాల బండి ఉన్నాయని పెట్టె మీద బొమ్మలు చెబుతున్నాయి. నేను సంబరంగా బ్లేడు తీసుకుని తాడు కోయబోయాను. పెట్టెతో పాటు వచ్చిన సూపర్‌వైజర్ మేడం నా చెయ్యి పట్టుకుంది.

"విప్పకమ్మా. ఆడితే పలుగుతయి. రేపు పెద్దసార్లు చూడనీకె వస్తే ఏం చూపిస్తం?"

పెట్టె అల్మారా మీదికెక్కింది. ప్రతి శనివారం దాని మీది దుమ్ము దులిపేదాన్ని. రెండేళ్ల పిల్లలు, మూడేళ్ల పిల్లలు కింద నిలబడి మెడలు నిక్కించి దాన్ని చూసేవాళ్లు. పిల్లల కోసం వచ్చిన ఆటవస్తువులను పిల్లల నుంచి కాపాడే ఉద్యోగం నాది. ఆ రోజు మొదలైన మంట నాకు ఇంతవరకు చల్లారలేదు.

కేంద్రమంటే కిరాయికి తీసుకున్న ఒక గది. ముందు వాకిలి ఉందని చూసి ఆ ఇల్లు తీసుకున్నాం. తీరా చేరాక వాకిలి సంగతి తెలిసింది. కందుల కాలంలో కందులు, పత్తి కాలంలో పత్తి, ఏ కాలమూ కానప్పుడు ఇంటాయన ట్రాక్టరు ఇనుప చక్రాలు. పిల్లలు బయటికి వస్తే ఇంటామె కిటికీలోంచి కేకేసేది, పత్తిలో మట్టి పడుతుందని. తల్లులు కూడా తక్కువేమీ తినలేదు. "ఆట ఇంటికాడ ఆడరా టీచరమ్మా? గాడ గీడ ఉరికిపియ్యనీకెనా పంపేది? అ ఆలు దిద్దిపియ్యి" అనేవాళ్లు. చెంచా కూడా సరిగ్గా పట్టుకోలేని పిల్లకు బలపం ఎలా నిలుస్తుందని అడిగితే నా మొహంలోకి వింతగా చూసేవాళ్లు. పైవాళ్లకు కావలసినవి ఫోటోలు. పిల్లలు వరుసగా, చేతులు కట్టుకుని, కదలకుండా కూర్చున్న ఫోటోలు. కదిలితే ఫోటో చెదురుతుందట.

రెండేళ్ల పిల్లకు ఉన్న పనే కదలడం. తొయ్యాలి, లాగాలి, ఎక్కాలి, దుంకాలి, విసరాలి, పడాలి, లేవాలి. ఎముక గట్టిపడేదీ, ఆకలి పుట్టేదీ, భయం పోయేదీ దానితోనే. ట్రైనింగులో ఇవన్నీ మాకు చెప్పారు. చెప్పినవాళ్లు నోటితో చెప్పారు, మేము నోటుబుక్కులో రాసుకున్నాం, అంతటితో అందరి బాధ్యతా తీరిపోయింది.

నాకు పట్టుదల ఎక్కువ. పెట్టె విప్పనివ్వకపోతే మానె, నా ఆటలు నేనే కట్టుకున్నాను. పాత చీరను పొడుగ్గా పరిచి కాలువ అన్నాను. దాన్ని దాటాలి. రెండు జొన్నసొప్ప కట్టలు పక్కపక్కన వేసి గట్టు అన్నాను. ఎక్కి దుంకాలి. నూనె డబ్బాల్లో నాలుగు గులకరాళ్లు వేసి తాడు కట్టి లాగించాను. ఆ చప్పుడుకు ఇంటామె ఇంకో కిటికీ మూసుకుంది. కేంద్రంలో నాకు సాయంగా ఉండే ఆయమ్మకు యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అయినా నడుముకు కొంగు చెక్కి నాలుగు కాళ్ల మీద ఆవులా గది చుట్టూ తిరిగేది, వెనక పదిమంది దూడలు. నేను చూసిన ప్రభుత్వోద్యోగుల్లో అంత నిజాయితీగా పని చేసిన మనిషి ఆమె ఒక్కతే.

ఇక ఆ పిల్ల సంగతి.

ఊరి చివర గొర్లోళ్ల ఇళ్లు ఉండేవి. అందులో ఒకింటి అవ్వ, రెండేళ్లు దాటిన మనవరాలిని చంకనెత్తుకుని నెలకొకసారి తూకానికి వచ్చేది. పిల్ల తల్లీ తండ్రీ పంటలు కోసిన తర్వాత మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు మేతకు పోయేవాళ్లు. వానలు పడితే గాని తిరిగి రారు. మందతో అంత చిన్న పిల్ల నడవలేదు కాబట్టి అవ్వ దగ్గర వదిలిపెట్టేవాళ్లు. మూడేళ్లు నిండేదాకా పిల్లలు రోజూ కేంద్రానికి రానక్కర్లేదు. వాళ్ల గుడ్లు, పిండి ప్యాకెట్లు ఇంటికే ఇచ్చేస్తాం. నెలకొకసారి తూకం మాత్రం తప్పదు.

ఆ తూకం ఎట్లా ఉంటుందో చెప్పాలి. దూలానికి వేలాడే కాంటా, దాని కొక్కేనికి ఒక సంచి, సంచికి కాళ్లు పెట్టుకోవడానికి రెండు కంతలు. పిల్లను అందులో కూర్చోబెట్టి వేలాడదీస్తే ముల్లు తిరుగుతుంది. ఆ అంకె రిజిస్టరులో గీతల కాగితం మీద చుక్కగా పెట్టాలి. ఎర్ర గీత కింద పడితే పిల్ల బరువు చాలా తక్కువని, ఆకుపచ్చలో పడితే బాగుందని లెక్క. ఈ పిల్ల చుక్క ఎర్రలో, అదీ అడుగున పడింది.

నేను అవ్వ మీద విరుచుకుపడ్డాను. ఆమె వయసు నా తల్లి కంటే ఎక్కువ, అయినా ఆగలేదు. "అవ్వా, నాకు వేరే ముచ్చట చెప్పకు. బరువు పెరగాలె. వచ్చే నెల కాంట మీద కూసోబెడితే ముల్లు పైకి పోవాలె. ఏం జేస్తవో ఏమో నాకు తెల్వది" అన్నాను. సరిగ్గా ఈ మాటలే అన్నాను. తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను కాబట్టి ఒక్క ముక్క మారలేదు.

అవ్వ తలూపింది. "అట్లనే బిడ్డా" అంది.

వచ్చే నెల ముల్లు పైకి పోయింది. ఆ పై నెల ఇంకా పైకి. మూడో నెలకు చుక్క ఎరుపు దాటింది, ఐదో నెలకు ఆకుపచ్చ అంచు తాకింది. పిల్ల బుగ్గలు ఉబ్బాయి. నేను పొంగిపోయాను. మిగతా తల్లుల ముందు అవ్వను నిలబెట్టి, "చూడుండ్రి, తల్లి లేకున్నా అవ్వ ఎంత మంచిగ పెంచిందో. జర నేర్చుకోండ్రి" అన్నాను. ఫోటో తీసి మేడంకు పంపాను. మేడం పై ఆఫీసుకు పంపింది. అవ్వ ముసిముసిగా నవ్వుతూ కొంగు సర్దుకోవడం ఇంకా కళ్లకు కట్టినట్టుంది.

మూడేళ్లు నిండగానే అవ్వ ఆ పిల్లను రోజూ తెచ్చి దింపడం మొదలుపెట్టింది. మొదటి రోజు నేల మీద కూర్చోబెట్టి పోయింది. మధ్యాహ్నం ఆమె తిరిగి వచ్చేదాకా పిల్ల అక్కడే ఉంది. ఏడవలేదు, అల్లరి చేయలేదు. చుట్టూ పిల్లలు చీర కాలువ దాటుతుంటే నోరు తెరుచుకుని చూసింది. నేను చెయ్యి పట్టి లేపితే లేచింది. నాలుగు అడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి మళ్లీ నాలుగు అడుగులు వేసి మొదట కూర్చున్న చోటికే వచ్చి కూర్చుంది.

కొత్త కదా, బెరుకేమో అనుకున్నాను. రెండో రోజూ నాలుగే అడుగులు. మూడో రోజూ అంతే. ముందు గోడ లేదు, గుంత లేదు, ఎవరూ వద్దనలేదు. అయినా అక్కడికి రాగానే ఆగిపోయేది. ఆయమ్మ గుడ్డు చూపించి పిలిచినా ఆ గీత దాటలేదు, చెయ్యి మాత్రం చాచింది. కాళ్లలో ఏమైనా లోపముందేమో అనిపించి అవ్వను వెంటబెట్టుకుని మక్తల్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కాళ్లు వంచి, చాచి, గిచ్చి చూశాడు. బొక్కలు మంచిగానే ఉన్నాయి, నడిపించండి అన్నాడు. ఆ మాట వినగానే అవ్వ పిల్లను చంకనెత్తుకుంది. నాకు అప్పుడైనా అనుమానం రాలేదు.

వారం తర్వాత ఒక రోజు పిల్ల రాలేదు. జ్వరమేమో చూసి వద్దామని మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను. వాకిట్లో గుంజకు రెండు పొట్టేళ్లు కట్టేసి ఉన్నాయి, బాగా బలిసినవి. వాటి ముందు తొట్టిలో దాణా. వాటిని జాతరకు అమ్ముతారట. కొంచెం అవతల అరుగు గుంజ. దానికి జీవాలను కట్టే తలుగుతాడు, ఆ తలుగు చివర మెత్తటి పాత ధోతి గుడ్డ, ఆ గుడ్డ పిల్ల నడుము చుట్టూ ముడి. పిల్ల ముందు గిన్నెలో పిండి ఉండలు, చేతిలో ఉడికిన గుడ్డు. పిల్ల నన్ను చూసి నవ్వింది.

ఆ తలుగు పొడవు నాలుగు అడుగులు.

ఎంత కేకేశానో పొట్టేళ్లు బెదిరి గుంజ చుట్టూ తిరిగాయి. "ఏమవ్వా, పసిపిల్లను పశువును కట్టేసినట్టు కట్టేస్తవా? నీకు మనసెట్లొచ్చింది?"

అవ్వ అసలు తడబడలేదు. ఆమెకు నా కోపం అర్థం కాలేదు. "నువ్వే గదా బిడ్డా ముల్లు పైకి పోవాలె అంటివి. తిరిగితే కరుగుతది. కట్టేసి మేపితే నిలుస్తది. మా ఇంటి పొట్టేళ్లు జూడు, ఎన్నడన్న తూకంల తక్కువొచ్చినయా? మెత్తటి గుడ్డ ఏసిన, నడుము ఒరుసుకోకుంట. అందరి ముంగట నువ్వే మెచ్చుకుంటివి."

పుట్టినప్పటి నుంచి గొర్రెలతో బతికిన మనిషి ఆమె. జీవాన్ని కాంటాకు వేలాడదీసి, అంకె చెప్పి, ఇది పెరగాలని ఎవరైనా అంటే, దానికి ఏం చేయాలో ఆమెకు మూడు తరాల నుంచి తెలుసు. అది పూర్తిగా తెలిసిన పనే, ఆమె శ్రద్ధగా చేసింది. పిల్ల నడుస్తోందా అని నేను ఐదు నెలల్లో ఒక్కసారి అడగలేదు. కింద దించి చూడలేదు. చంకలోంచి సంచిలోకి, సంచిలోంచి చంకలోకి, మధ్యలో నా చుక్క. నా రిజిస్టరులో పిల్ల నడిచిందా, దుంకిందా అని రాయడానికి గడి కూడా లేదు.

మా అమ్మ కూడా నన్ను కట్టేసింది. మాది మేళ్లచెరువు దిక్కు. సున్నపురాయి గని దగ్గర కూలికి పోతూ, లారీల కింద పడతానని చీరకొంగు ముక్కతో నన్ను రేకుల షెడ్డు కంబానికి కట్టేసేదట. అది గతిలేక కట్టిన కట్టు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ కట్టు నేను వేయించింది. అందుకే ఆ రోజు నాకు అందరి మీదా కోపమొచ్చింది, అవ్వ మీద, మేడం మీద, కాంటా మీద. నా మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఒక నెల ఆడనివ్వమని బతిమాలాను. అవ్వ ఇష్టం లేకుండానే ఒప్పుకుంది.

ఆ నెల నేను, ఆయమ్మ చేసిన పని మాకే తెలుసు. మొదట పిల్ల ఆగే చోట ఆయమ్మ కూర్చునేది. మర్నాడు ఒక జానెడు వెనక్కి జరిగేది. ఇంకో రోజు ఇంకో జానెడు. గదిలో జాగా చాలక వాకిట్లోకి వచ్చాం. ఇంటాయన అడ్డం వస్తే, "ఒక్క గంట నీ చక్రాలు జరుపు, లేకుంటే కిరాయి కాయితం మీద వాకిలి అని ఎందుకు రాసిచ్చినవ్?" అని నిలదీశాను. గొణుక్కుంటూ జరిపాడు. అల్మారా మీది పెట్టె కూడా దించి, తాడు కోసి, బట్ట గొట్టం బయటికి తీశాను. ఏం జరిగితే అది జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. అన్ని నెలలు దేనికి భయపడ్డానో నాకే సిగ్గేసింది.

మంద ఆట అని ఒకటి కట్టాను. ఒకరు కాపరి, మిగతావాళ్లు గొర్రెలు, కాపరి కేకేస్తే అందరూ ఉరికి సున్నంతో గీసిన దొడ్డిలోకి రావాలి. కాపరిగా నేనే కేకేశాను. కొందరు వచ్చారు, కొందరు అటే పోయారు, ఒకడు గొర్రెనని చెప్పి గడ్డి నోట్లో పెట్టుకున్నాడు. ఈ పిల్ల లేచి నిలబడింది. వాళ్ల నాయిన మందను పిలవడం విన్నదేమో, కేక వినగానే ముఖం వెలిగింది. నాలుగు అడుగులు వేసింది, ఐదో అడుగు వేసింది, ఆ తర్వాత ఉరికింది. ముందుకు పడింది. మోకాలు గీరుకుంది. లేచి మళ్లీ ఉరికింది. ఆయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడింది. నేను పిల్లల ముందే ఏడ్చేశాను.

నెలాఖరుకు ఆ పిల్లను కూర్చోబెట్టడం మా వల్ల కాలేదు. గొట్టంలో ఇటు దూరి అటు తేలేది. గట్టు మీద నుంచి దుంకమంటే దుంకి, దుంకొద్దన్నా దుంకేది.

తూకం రోజు వచ్చింది. ముల్లు పావు కిలో కిందికి జారింది. మధ్యలో వారం జలుబు చేసింది, తిండి తగ్గింది, పైగా ఒక్కసారిగా అంత ఉరుకుడు. తర్వాత సర్దుకుంటుందని నాకు తెలుసు. అవ్వకు మాత్రం ముల్లు కనబడింది.

"ఐదు నెలలు పెట్టి పెంచిన, నెల దినాలల్ల కరగబెట్టినవ్. నీ ఆటలు నా పిల్లను తిన్నయి. రేపటి సంది పంప" అంది, పిల్లను చంకనెత్తుకుంటూ.

మళ్లీ ఆ గుంజకే కడుతుందని నాకు తెలిసిపోయింది. తల్లిదండ్రులు ఎక్కడో కృష్ణ ఒడ్డున ఉన్నారు, రావడానికి ఇంకా రెండు నెలలు. అడ్డుపడేవాళ్లు ఇంకెవరూ లేరు. నాకు ఒళ్లు మండింది.

"అవ్వా, ఒకటి అడుగుత చెప్పు. మందల ఈనే గొర్రెను కట్టేసి మేపుతవా?"

"దాన్నెందుకు కట్టేస్త? అది మంద ఎంట నడవాలె. నడవకుంటే మందల ఎట్లుంటది?"

"మరి ఏ జీవాన్ని కట్టేస్తవ్?"

అవ్వ పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

"కోతకు పొయ్యేదాన్నే గదా. గీ పిల్లను గూడ కోతకే సాకుతున్నవా?"

ఆ మాట నేను అందరి ముందు అన్నాను. పదిమంది తల్లులు ఉన్నారు, తూకానికి వచ్చినవాళ్లు. అంతకుముందు ఆమెను మెచ్చుకున్నదీ వాళ్ల ముందే. అవ్వ ముఖం పాలిపోయింది. పిల్లతో సహా వడివడిగా వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులు పిల్ల రాలేదు. పోయి చూద్దామంటే ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియలేదు. ఆయమ్మ ఒకసారి పోయి వచ్చింది. ఇంటికి తాళముంది, పొట్టేళ్లు లేవు అని చెప్పింది. పిల్లను ఎక్కడ కట్టేసిందో, ఎవరికి అప్పజెప్పిందో అని నాకు తిండి సహించలేదు.

తొమ్మిదో రోజు మేడం వచ్చింది. బరువు తగ్గిన పిల్లల జాబితా పట్టుకుని వచ్చింది. జాబితాలో ఉన్నది ఒక్క పేరే. పిలిపించమంది. కబురు పంపిన గంటకు అవ్వ వచ్చింది. చంకలో పిల్ల లేదు. అంతలో ఆమె వెనక, దారి పక్క రాళ్లను ఒక్కొక్కటే ఎక్కి దిగుతూ పిల్ల వచ్చింది. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

మేడం కాంటాలో వేసి చూసింది. ముల్లు పోయినసారి ఎక్కడుందో అక్కడే ఉంది. మేడం నా వైపు తిరిగి, "ఏందమ్మా, ఆటలాడిపిచ్చి పిల్లను ఎండబెట్టినవ్. ఆకుపచ్చల ఉన్న పిల్ల. పైన నేనేం జవాబు చెప్పాలె?" అంది. తర్వాత అవ్వతో నెమ్మదిగా, "నువ్వు మంచిగ పెంచినవమ్మా, ఫోటో చూసిన. మల్ల గట్లనే ఒక జాగాల కూసోబెట్టి తినిపియ్యి. ఎక్కువ ఉరకనియ్యకు" అంది.

నేను నోరు తెరిచాను. అవ్వ నాకంటే ముందు మాట్లాడింది. సంచిలోంచి పిల్లను తీసి కింద దించుతూ, మేడం వైపు చూడకుండా మాట్లాడింది.

"తూకం అమ్మేటోళ్లు జూస్తరు బిడ్డా. దీన్ని మేం అమ్మం, కొయ్యం. పొట్టేళ్లను అమ్మేసిన. ఎనిమిది దినాల సంది దీన్ని చెల్క గట్ల పొంటి నా ఎంట నడిపిస్తున్న. తింటది, నడుస్తది. తూకం అదే వస్తది."

మేడం రాసుకుంటున్న పెన్ను ఆపి నా వైపు చూసింది. పిల్ల అప్పటికే వాకిట్లో ఉంది. అవ్వ నన్ను దాటుకుని దాని వెనక పోయింది. నన్ను చూడలేదు.

ఆ తర్వాత పిల్ల రోజూ వచ్చింది, రెండు నెలల్లో ముల్లు కూడా పైకి పోయింది. ఇప్పుడు రిజిస్టరు పోయి చేతికి ఫోన్ వచ్చింది, తూకం అందులో కొడుతున్నాను. ఏ పిల్లనైనా తూకం వేసే ముందు వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించి చూస్తున్నాను. అవ్వ ఎప్పటిలాగే వచ్చిపోతుంది, గుడ్లు తీసుకుంటుంది, వానల గురించి మాట్లాడుతుంది. కట్టమని చెప్పింది నేను, కట్టినందుకు పదిమందిలో మాట పడింది ఆమె. తప్పయిందవ్వా అని నేను ఇంతవరకు ఆమెతో అనలేదు.